«గ్యాసు అయిపోయింది»: ఒక మాటపై విమర్శ

వరంగల్లు, హనుమకొండ, కాజీపేటలలో మార్చి నెల దాటినది మొదలు ఫ్రిజ్జుల మరమ్మతు చేయువారికి తీరిక యుండదు. ఇరువది, ముప్పది ఏండ్ల నాటి యంత్రములు కొన్ని ఇండ్లలో ఇంకను పని చేయుచున్నవి. ఎండలు ముదిరినప్పుడే అవి మొరాయించును. "ఫ్రిజ్జు చల్లగ అయితలేదు" అని ఇంటివారు చెప్పగనే, యంత్రమును ముట్టి చూడక ముందే, తరచుగా వినవచ్చు తీర్పు ఒక్కటి: "గ్యాసు అయిపోయింది సార్, నింపాలె." గ్యాసు నింపుదురు. కొన్నాళ్లు చల్లబడును. మరుసటి వేసవికి మరల అదే మాట.

ఆ మాట చెప్పువాని నిజాయితీని శంకించుట ఈ వ్యాసోద్దేశము కాదు. చాలమంది దానిని నమ్మియే చెప్పుదురు. వినువారును నమ్మియే డబ్బు ఇత్తురు. ఇంటిలో ఇంటర్మీడియట్ చదివిన పిల్లలున్నను "గ్యాసు ఎట్లు అయిపోయినది? ఎక్కడికి పోయినది?" అని అడుగుట అరుదు. విమర్శింపదగినది ఇదియే. ఉష్ణమును గూర్చి ఏండ్ల తరబడి చదివిన విద్యార్థి తన ఇంటి యంత్రము ముందు నోరు మెదపలేకున్నచో, ఆ లోపములో మన పాఠములకును వాటా కలదు.

పొయ్యి దగ్గర మాట

"గ్యాసు అయిపోవుట" పొయ్యి దగ్గర పుట్టిన మాట. వంటగ్యాసు సిలిండరు కొన్ని వారములు వచ్చి అయిపోవును. అందలి వాయువు మండి బొగ్గుపులుసు వాయువుగను, నీటి ఆవిరిగను మారిపోవును గనుక అక్కడ ఆ మాట అక్షరాల సత్యము. ఇంటిలోనే మరియొక మూలనున్న యంత్రములోని పదార్థమునకును మనము "గ్యాసు" అనియే పేరు పెట్టినాము. పేరుతోబాటు భావము కూడ అటు నుండి ఇటు వచ్చి చేరినది. కాని ఫ్రిజ్జులోని గ్యాసు ఇంధనము కాదు. అది యంత్రములో మండుట లేదు, అరుగుట లేదు, ఖర్చగుట లేదు. ఖర్చగునది విద్యుచ్ఛక్తి మాత్రమే.

వేసవిలో మన ఇండ్లలో ఉంచు రంజనును తలచుకొనుడు. దాని మట్టి గోడల నుండి నీరు చెమర్చి, ఆవిరియై, ఆవిరి యగుటకు కావలసిన ఉష్ణమును లోపలి నీటి నుండి గ్రహించును, నీరు చల్లబడును. కాని ఆ ఆవిరి గాలిలో కలిసి పోవును గనుక రంజనును మరల మరల నింపవలెను. ఫ్రిజ్జు కూడ ఆవిరి చేతనే చల్లబరచును. భేద మేమనగా, ఇందులో ఆవిరిని బయటికి పోనీయక పట్టి, నొక్కి, మరల ద్రవముగా మార్చి, తిరిగి వాడుకొందురు. రంజనుకును ఫ్రిజ్జుకును గల ముఖ్యభేదము ఇదియే. "గ్యాసు అయిపోయింది" అను మాట సరిగా ఈ భేదమునే చెరిపివేయుచున్నది.

మూతపడిన వలయము

ఫ్రిజ్జు వెనుక అడుగుభాగమున నల్లని ఇనుప కుండవంటి దొకటి కనబడును. అదియే కంప్రెసరు. మోటారు, పంపు రెండును ఆ డొప్పలోనే వెల్డింగుతో మూయబడి యుండును. అది ఆవిరిని నొక్కి వేడెక్కించి వెనుకనున్న నల్లని జాలీలోనికి, అనగా కండెన్సరులోనికి పంపును. అక్కడ ఆవిరి తన వేడిని గదిలోని గాలికిచ్చి ద్రవమగును. ఆ ద్రవము తేమను పీల్చు ఫిల్టరు గుండా పోయి, ఒక మిల్లీమీటరు కన్న సన్నని రంధ్రము గల పొడవైన రాగి గొట్టములో ప్రవేశించును. దీనిని క్యాపిలరీ అందురు. దానిని దాటగనే పీడనము పడిపోవును. ద్రవము ఫ్రీజరు గోడలలోని మార్గములందు మరుగును. ఆ మరుగుటకు వలయు ఉష్ణము మన పాల నుండి, కూరగాయల నుండి వచ్చును. ఆవిరి తిరిగి కంప్రెసరునకు చేరును.

పాత యంత్రములలో నింపిన ఆర్-12 అను పదార్థము సాధారణ వాతావరణ పీడనమున −29.8 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగును. ఒక తలుపు గల చిన్న ఫ్రిజ్జులో అది సుమారు 100 నుండి 150 గ్రాములు మాత్రమే యుండును. గొట్టములలో ఎచ్చటను చిల్లు లేనిచో, మొదటి దినమున నింపిన ఆ గ్రాములే ముప్పది ఏండ్ల తరువాతను అందులో తిరుగుచుండును. కనుక గ్యాసు తగ్గినదని నిశ్చయముగా తేలినప్పుడు చెప్పవలసిన మాట "అయిపోయింది" కాదు, "కారిపోయింది". ఒక్క క్రియాపదము మారిన మాత్రమున చేయవలసిన పని యంతయు మారును. అయిపోయినదానిని నింపవలెను, కారిపోయినదానికి ముందు చిల్లును వెదకవలెను.

పాఠములోని వెలితి

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రములో ఉష్ణగతిక శాస్త్రము చదివినవారికి ఒక చిత్రము గుర్తుండును. పైన వేడి ఆశయము, క్రింద చల్లని ఆశయము, నడుమ ఒక వృత్తము, మూడు బాణములు. చల్లని చోటు నుండి గ్రహించిన ఉష్ణమును, మనము చేసిన పనితో భాగించినచో క్రియాశీలతా గుణకము వచ్చును. −10 డిగ్రీలకును 40 డిగ్రీలకును నడుమ పని చేయు ఆదర్శ యంత్రమునకు 263ను 50తో భాగించి 5.26 అని విద్యార్థి వెంటనే వ్రాయును. ఇందులో తప్పేమియు లేదు. ఈ లెక్క ఏ యంత్రమును దాటజాలని హద్దును చెప్పుచున్నది. అది గొప్ప విషయమే.

కాని ఆ వృత్తములో ఏమున్నది? కంప్రెసరు ఎక్కడ, క్యాపిలరీ ఎక్కడ, అన్నిటికన్న ముఖ్యముగా ఆ మార్గము మూతపడి యున్నదను సంగతి ఎక్కడ? చిత్రము వీనిని చెప్పదు. గుప్తోష్ణము ఒక తరగతిలో, పీడనముతో మరుగుస్థానము మారుట మరియొక చోట, ఈ వృత్తము ఇంకొక చోట చెప్పబడును. మూడింటిని ఒక యంత్రముగా కూర్చి చూపుట మిగిలిపోవును.

పదముల చిక్కు మరియొకటి. పుస్తకములో "సంపీడకము", "బాష్పీకరణి". దుకాణములో "కంప్రెసరు", "కూలింగు కాయిలు". రెండును ఒక్కటే యని చెప్పు వాక్యము లేనందున విద్యార్థికి పుస్తకములోని యంత్రము వేరు, ఇంటిలోని యంత్రము వేరు. పారిభాషిక పదములను విడువవలెనని నేననుట లేదు. వాడుక పదమును ప్రక్కన నిలిపి, రెండింటికిని పరిచయము చేయవలెనని మాత్రమే నా మనవి.

తీర్పుకు ముందు పరీక్ష

చల్లబడకపోవుటకు కారణము లనేకము. వాటిలో గ్యాసు కారుట ఒకటి మాత్రమే. వలయమును కోయకయే, చేయి, చెవి, కన్ను ఉపయోగించి చాల కారణములను విడదీయవచ్చును.

లోపలి దీపము వెలుగుచున్నను కంప్రెసరు కదలనిచో, లోపము గ్యాసులో కాదు, విద్యుత్తు మార్గములో వెదకవలెను. థర్మోస్టాటు, రిలే, వేడెక్కినప్పుడు విద్యుత్తును తెంచు రక్షకము ఇవి మూడును చవకైన భాగములు. కంప్రెసరు ప్రయత్నించి, టక్కుమని ఆగి, కొంతసేపటికి మరల ప్రయత్నించుచున్నచో వోల్టేజిని కొలువవలెను. మోటారు బయలుదేరు బలము వోల్టేజి వర్గమును బట్టి యుండును. 230 వోల్టులకు బదులు 180 మాత్రమే వచ్చుచున్నచో ఆ బలము సుమారు 61 శాతమునకు పడిపోవును. వేసవి సాయంత్రము వోల్టేజి తగ్గిన వీధిలో మంచి కంప్రెసరు కూడ చెడినట్లే కనబడును.

"కంప్రెసరు కాలిపోయింది" అను తీర్పుకును ఒక పరీక్ష కలదు. యంత్రమును విద్యుత్తు నుండి విడదీసి, రిలేను తీసినచో మూడు పిన్నులు కనబడును. మల్టీమీటరుతో రెండేసి పిన్నుల నడుమ నిరోధమును కొలిచినచో, మూడు విలువలలో పెద్దది తక్కిన రెండింటి మొత్తమునకు సమానము కావలెను. రెండు చుట్టలు ఒక చివర కలిసి శ్రేణిలో నున్నవి గనుక. ఏదేని ఒక కొలత అనంతమైనను, ఇనుప డొప్పకును పిన్నుకును సంబంధము కనబడినను కంప్రెసరు చెడినట్లే. శ్రేణిలో నిరోధములను కూడుట విద్యార్థి పదవ తరగతిలోనే నేర్చినాడు. అది ఇక్కడ పనికి వచ్చునని అతనికి తెలియదు.

కంప్రెసరు ఎడతెగక తిరుగుచున్నను చల్లదనము లేనిచో, అప్పుడు వలయము వైపు చూడవలెను. మొదట కండెన్సరు. దానిపై దుమ్ము పేరుకొన్నను, యంత్రము గోడకు ఆనుకొని యున్నను వేడి బయటికి పోదు. ఆర్-12 ద్రవము కావలెనన్నచో 40 డిగ్రీల వద్ద సుమారు 9.6 బారుల పీడనము చాలును. 55 డిగ్రీల వద్ద 13.7 బారులు కావలెను. వరంగల్లు మే నెలలో కంప్రెసరు మోయు బరువు ఇది. ఒక కుంచెతో దుమ్ము దులిపి, యంత్రమును జానెడు ముందుకు జరుపుట ఖర్చులేని వైద్యము.

పిదప తలుపు రబ్బరు. ఒక కాగితపు ముక్కను తలుపులో పెట్టి మూసి లాగినప్పుడు అది పట్టు లేక జారి వచ్చినచో, అచ్చట బయటి తేమగాలి లోనికి పోవుచున్నది. ఫ్రీజరుపై మందముగా పేరిన మంచు దాని ఫలితము. ఆ మంచు వేడిని ఆపు కంబళివలె పని చేసి చల్లదనమును అడ్డగించును.

క్యాపిలరీలో తేమ గడ్డకట్టుట ఇంకొక రోగము. అప్పుడు ఫ్రిజ్జు కొంతసేపు చల్లబడి, ఆగి, కరిగినంతనే మరల చల్లబడును. క్యాపిలరీ ఫ్రీజరులో కలియు చోట వెచ్చని గుడ్డ నుంచినప్పుడు సుయ్యుమను శబ్దము తిరిగి వినవచ్చినచో రోగము అదియే. దీనికి గ్యాసు నింపుట మందు కాదు. ఫిల్టరు మార్చి, శూన్యపంపుతో తేమను పూర్తిగా లాగవలెను.

ఇవన్నియు చూచిన పిమ్మట, కండెన్సరు వెచ్చబడక, ఫ్రీజరు మొదటి కొసన మాత్రమే కొద్దిపాటి మంచు కనబడినచో గ్యాసు తగ్గినదని అనుమానించుటకు ఆధారము కలదు. అప్పుడు చిల్లు ఎక్కడ? గొట్టములు అతికిన చోట నూనె మరక, రాగి అల్యూమినియములు కలియు కీలు, తుప్పు పట్టిన భాగము, అన్నిటికన్న తరచుగా కత్తితో మంచు గీకినప్పుడు ఫ్రీజరు గోడకు పడిన గాటు. వలయములో నైట్రొజను నింపి సబ్బునురుగు పూసి బుడగలను వెదకుట నమ్మదగిన పద్ధతి. నైట్రొజనుకు బదులు ఆక్సిజను ఎన్నడును వాడరాదు. లోపలి నూనెతో కలిసి పేలును.

ఎక్కడికి పోయినది?

"గ్యాసు ఎక్కడికి పోయినది?" అను ప్రశ్న వంటగదికి పరిమితమైనది కాదు. ఫ్రిజ్జులలో తొలుత గంధక ద్విఆమ్లజనిదము, మిథైల్ క్లోరైడు వంటి విషవాయువులు వాడుచుండిరి. అవి కారినప్పుడు ప్రాణాపాయము. 1930 ప్రాంతమున థామస్ మిడ్జిలీయును అతని సహచరులును మండని, విషము కాని ఆర్-12 వంటి పదార్థములను ప్రవేశపెట్టగా లోకము మెచ్చుకొనినది. అవి కారినను మనిషికి బాధలేదు గనుక ఎక్కడికి పోవుచున్నవని ఎవరును అడుగలేదు.

1971–72లో జేమ్స్ లవ్‌లాక్ ఓడపై ప్రయాణించి, ఆ జాతికే చెందిన మరియొక పదార్థము ఉత్తర దక్షిణ సముద్రములపై గాలిలో అంతటను ఉన్నదని కొలిచి చూపెను. షేర్వుడ్ రోలాండు, మారియో మొలీనా ఆ పదార్థముల గతి యేమగునని ప్రశ్నించిరి. క్రింది గాలిలో వాటిని విచ్ఛిన్నము చేయునది లేదు; అవి మెల్లగా పైకి చేరి, అతినీలలోహిత కిరణముల చేత విరిగి, క్లోరిను పరమాణువులను విడుచును; ఒక్కొక్క పరమాణువు వేలకొలది ఓజోను అణువులను నాశనము చేయును. ఈ విషయమును వారు 1974లో ప్రకటించిరి. 1985లో అంటార్కిటికాపై ఓజోను పొర సన్నగిల్లుట వెల్లడియైనది. 1987లో మాంట్రియలు ఒప్పందము కుదిరినది. 1992లో భారతదేశము అందులో చేరెను. 2010 నాటికి ఈ పదార్థముల సామాన్య వినియోగము మన దేశమున నిలిచిపోయినది. 1995లో ఆ ఇరువురికిని, పాల్ క్రుట్‌జెనుకును రసాయనశాస్త్రమున నోబెలు బహుమతి లభించినది.

మన ఇంటి చిల్లుకును దీనికిని గల సంబంధమును లెక్క వేయుదము. చిల్లు పూడ్చక ఒక ఫ్రిజ్జులో ఏటేట 120 గ్రాముల చొప్పున ఐదేండ్లు ఆర్-12 నింపిరనుకొనుడు. గాలిలో కలిసినది 600 గ్రాములు. నూరేండ్ల లెక్కన ఆర్-12 భూమిని వేడెక్కించు శక్తి బొగ్గుపులుసు వాయువునకు సుమారు 10,900 రెట్లు. అనగా ఆరున్నర టన్నుల బొగ్గుపులుసు వాయువును వదలుటతో సమానము. ఒక చిల్లును వెదకని ఫలితము ఇది.

ఇప్పుడు ఏమి నింపుదురు?

ఆర్-12 తయారీ ఆగినందున పాత యంత్రమునకు ఏమి నింపుచున్నారో అడుగుట ఇంటివారి హక్కు. ఆర్-134ఎ ఓజోనును చెరుపదు గాని పాత కంప్రెసరులోని ఖనిజనూనెతో కలియదు. నూనె తిరిగి రాక కంప్రెసరు అరుగవచ్చును. ఆర్-600ఎ, అనగా ఐసోబ్యూటేను, −11.7 డిగ్రీల వద్ద మరుగును. ఆర్-12 కొరకు చేసిన కంప్రెసరులో దానిని మాత్రమే నింపినచో చల్లదనము సగమునకు తగ్గును. ప్రొపేను, ఐసోబ్యూటేనుల మిశ్రమము పాత నూనెతో సరిపోవును, ఆర్-12 బరువులో సుమారు నలువది శాతమే చాలును. కాని అది మండును. పాత ఫ్రిజ్జు లోపలి థర్మోస్టాటు, దీపపు స్విచ్చి నిప్పురవ్వ పుట్టింపగలవు. అందుచే శిక్షణ పొందినవారు మాత్రమే ఆ మార్పు చేయవలెను. వంటగ్యాసు సిలిండరు నుండి నింపుట సర్వథా కూడదు. దాని మిశ్రమ ప్రమాణము స్థిరము కాదు. తేమ, వాసన కొరకు చేర్చిన గంధక పదార్థము అందులో నుండును.

క్రొత్త ఐసోబ్యూటేను యంత్రములలో మరియొక విశేషము కలదు. ఫ్రీజరులో −25 డిగ్రీల వద్ద దాని పీడనము వాతావరణ పీడనములో సుమారు ఆరు పదవవంతులు మాత్రమే. అచ్చట చిల్లు పడినచో యంత్రము నడుచునప్పుడు గ్యాసు బయటికి పోవుటకు బదులు గాలియే లోనికి వచ్చును. "అయిపోయింది" అను మాట ఇక్కడ మరింత తప్పుదారి పట్టించును.

పాతదైన మాత్రమున

"పాత ఇనుము గట్టిది" అను అభిమానమును కూడ విమర్శింపవలెను. 1942లో హైదరాబాదున వెలసిన ఆల్విన్ సంస్థ బస్సుల బాడీలతోబాటు ఫ్రిజ్జులను చేసినది. 1958లో గోద్రెజ్ సంస్థ ఈ తయారీ ప్రారంభించినది. ఆ తరము యంత్రముల మందపు రేకు, విప్పుటకు వీలైన భాగములు మెచ్చదగినవే, బాగుచేయుటకు అనుకూలించునవే. కాని రేకు గట్టిదైనంత మాత్రమున కరెంటు తక్కువ కాలదు. తడిసిన గాజుదూది వేడిని ఆపజాలదు. మీటరు ఒక్కటే తీర్పరి. ఇంటిలో తక్కినవన్నియు ఆర్పి, ఫ్రిజ్జును మాత్రమే నడిపి, కొన్ని గంటల యూనిట్లను కొలిచి దినమునకు లెక్కకట్టవచ్చును. పాతది దినమునకు రెండు యూనిట్లు, క్రొత్తది ఒకటి కాల్చుచున్నవని తేలినచో ఏటికి 365 యూనిట్ల భేదము. దానిని మరమ్మతు ఖర్చుతో పోల్చి అప్పుడు ఉంచవలెనో మార్చవలెనో నిర్ణయించుకొనవచ్చును.

మరమ్మతు చేయువాని పక్షమున ఒక మాట చెప్పకున్న అన్యాయమగును. చిల్లును వెదకి, అతికి, శూన్యము చేసి నింపుటకు చాల గంటలు పట్టును. నైట్రొజను సిలిండరు, శూన్యపంపు, త్రాసు కావలెను. గంటలో కావలెను, తక్కువకు కావలెను అని ఇంటివారు పట్టుబట్టినప్పుడు అతడు నింపి పోవుటయే జరుగును. సరియైన పనికి సరియైన వెల ఇచ్చు గృహస్థుడు కూడ ఈ మార్పులో భాగస్వామి.

1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల స్థాపింపబడిన పట్టణము వరంగల్లు. ఇచ్చటి ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు నా సూచన ఇది. పాడైపోయిన ఒక ఫ్రిజ్జును, గ్యాసు పూర్తిగా పోయినదని నిర్ధారించిన పిమ్మట, పాఠశాలకు తెప్పించుడు. తలుపును ముందే ఊడదీయుడు. పిల్లలు లోపల చిక్కుకొను ప్రమాదము కలదు. గొట్టముల మార్గమును రంగులతో గుర్తించి, ఒక్కొక్క భాగమునకు పుస్తకపు పేరును, దుకాణపు పేరును రెండును వ్రాసి అంటించుడు. పిన్నుల నిరోధములను విద్యార్థుల చేతనే కొలిపింపుడు. విద్యుత్తు కలిపిన యంత్రమును, గ్యాసున్న గొట్టములను మాత్రము వారు ముట్టరాదు.

పరీక్షలో క్రియాశీలతా గుణకమును అడుగుచునే యుండవచ్చును. దాని క్రింద ఈ ప్రశ్నను కూడ చేర్చుడు: "ఒక ఫ్రిజ్జు నడుచుచున్నది గాని చల్లబడుట లేదు. గ్యాసు అయిపోయినదని ఒకరు చెప్పిరి. ఆ మాటను అంగీకరించుటకు ముందు మీరు చేయు పరీక్షలు నాలుగు వ్రాయుడు. గ్యాసు నిజముగా తగ్గినచో అది ఎట్లు తగ్గెనో తెలుపుడు."